పిక్క, గెడ్డ, బీల: ఉద్దానం మాటను విన్నవారు, విననివారు

శ్రీకాకుళం జిల్లా పలాస–కాశీబుగ్గ జీడి బజారులో పిక్క అంటే చెట్టు నుంచి రాలి, ఇంకా పెంకు తీయని గింజ. రైతు అమ్మేది పిక్కే. దాని ధర 80 కిలోల బస్తా లెక్కన పలుకుతుంది. పెంకు కొట్టి, పైపొర ఒలిచి, గుండ్లు, బద్దలు, ముక్కలు వేరుచేశాక గానీ అది పప్పు కాదు. ఇదే మాట కడపలోనో కరీంనగర్‌లోనో వినేవారికి కాలి పిక్క తప్ప మరొకటి తోచదు. పలాస నుంచి ఫోనులో "పిక్క ధర పడిపోనాది" అని సందేశం వస్తే, అవతలివారు తెలుగువారే అయినా, ఒక క్షణం ఆగి ఆలోచించుకోవలసిందే.

అలా ఆగవలసిన చోట్లు శ్రీకాకుళం మాటలో చాలా ఉన్నాయి. రాగులు ఇక్కడ చోళ్ళు, సజ్జలు గంటెలు. వాగు గెడ్డ, సన్నటి సందు గోర్జి. వరినాట్లు ఉభాలు. ఊరి అమ్మవారి జాతర పేరు సంబరం. పిల్లలు గుంటలు. "గుంటలు బడికెల్లిపోనారు" అన్న వాక్యంలో గోతులేమీ లేవు, పుస్తకాల సంచులు మోసుకుపోయిన పిల్లలే ఉన్నారు.

కొత్తగా వినేవారిని తికమకపెట్టేది మాటలకన్నా ఉచ్చారణే. కానీ దానికీ ఒక క్రమం ఉంది. "స్త" వచ్చే చోట "త్త" పలుకుతుంది: చేస్తున్నావు సేత్తన్నావు అవుతుంది, వస్తాను ఒత్తాను అవుతుంది. గోదావరి పల్లెల్లోనూ వినిపించే మార్పే ఇది. చూడు సూడు, చెప్పు సెప్పు. వెళ్ళాలి అన్నది ఎల్లాల. ఏమిటి కుదించుకుని ఏటి. వచ్చేశాను, తినేశాను అనే చోట వచ్చీసాను, తినీసాను. చాలామంది నోట "ళ"కు "ల", "ణ"కు "న" వినిపిస్తాయి. ఈ నాలుగైదు సూత్రాలు పట్టుకుంటే టెక్కలి బస్టాండులో వినబడే సగం మాటలు విడిపోతాయి. మిగతా సగానికి ఈ నేల కథ తెలియాలి.

పలాస, టెక్కలి, మందస ప్రాంతాల్లో ఒకపక్క సముద్రం, మరోపక్క మహేంద్రగిరి వరుస. ఆ మధ్యనున్న సన్నటి నేలలో కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండిన తీరం ఉద్దానం. ఉద్యానమే ఉద్దానమైందని స్థానికులు చెప్పుకుంటారు. ఇక్కడ మూడు భాషా కుటుంబాలు కలిసి బతుకుతున్నాయి. తెలుగు ద్రావిడ భాష, ఒడియా ఇండో–ఆర్య భాష, కొండల మీది సవర ముండా కుటుంబానికి చెందినది. కొండ దిగి వచ్చిన సవర రైతు, ఒడియా మాట్లాడే వర్తకుడు, తెలుగు రైతు ఒకే సంతలో బేరమాడుకోవాలంటే ఒకరి మాట ఒకరు నేర్వక తప్పదు. "బేగి రా" అని శ్రీకాకుళం తల్లి పిల్లవాణ్ణి పిలుస్తుంది. ఒడియాలోనూ బేగి అంటే త్వరగా అనే. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి నడిచిన చిన్న రైలు ఈ రాకపోకలను ఇంకా పెంచింది. 1931 నాటికి ఆ పట్టాలు గుణుపురం దాకా సాగాయి.

ఆ పర్లాకిమిడిలోనే ఒక బడిపంతులు పక్కవాడి భాష వినడానికి కూర్చున్నాడు. గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడి రాజా వారి బడిలో ఉద్యోగం చేస్తూ సవరల మాట మీద ఆసక్తి పెంచుకున్నారు. నేర్చుకోవడానికి పుస్తకం లేదు. అందుకని తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లోనే ఉంచుకుని, ఒక్కొక్క మాటే అడిగి రాసుకున్నారు. ఆ అడగడం దశాబ్దాలు సాగింది. సవర భాష మీద ఆయన ఆంగ్లంలో రాసిన గ్రంథం 1931లో, సవర–ఆంగ్ల నిఘంటువు 1938లో అచ్చయ్యాయి.

ఈ పని ఆయన చెవిని మార్చింది. సవర మాటను ఉన్నదున్నట్టు రాసుకున్న మనిషికి, తెలుగువాడి మాటను మాత్రం తప్పు అని కొట్టిపారేసే పద్ధతి మింగుడుపడలేదు. అప్పుడు బడిపుస్తకాల తెలుగు వేరు, ఇంట్లో తెలుగు వేరు. 1907 ప్రాంతంలో ఉత్తర కోస్తా బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన ఆంగ్లేయుడు జె.ఎ. యేట్స్‌కు కూడా ఈ తేడా ఇబ్బంది అయింది. పుస్తకంలో చదివిన తెలుగు వీధిలో వినబడడం లేదేమని ఆయన అడిగిన ప్రశ్నను గిడుగు, గురజాడ అప్పారావు, పి.టి. శ్రీనివాస అయ్యంగార్ అందుకున్నారు. వాడుకభాష ఉద్యమం అలా రాజుకుంది. ఇవాళ తెలుగు భాషా దినోత్సవంగా జరిగేది గిడుగు పుట్టినరోజే.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పాత గంజాం జిల్లా చీలి పర్లాకిమిడి అటు పోయింది. టెక్కలి, సోంపేట ఇటు మిగిలాయి. జీవితమంతా గడిపిన ఊరు వదిలి గిడుగు రాజమహేంద్రవరం చేరారు. మ్యాపు మీద గీత పడింది గానీ మాట మీద పడలేదు. అటు బరంపురంలో తెలుగు, ఇటు ఇచ్ఛాపురంలో ఒడియా ఇప్పటికీ వీధుల్లో వినిపిస్తాయి.

గిడుగు సవరల దగ్గర చేసిన పనిని తర్వాతి తరంలో తెలుగు పల్లెల కోసం చేసినవారు భద్రిరాజు కృష్ణమూర్తి. ఆయన సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం 1962లో వెలువడింది. ఊరూరా తిరిగి రైతుల నోట విన్న వ్యవసాయ పదాలు అందులో ఉన్నాయి. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. తెలుగు నేలను పూర్వ, మధ్య, దక్షిణ, ఉత్తర మండలాలుగా చూపిన పని అది. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల మాట పూర్వ మండలమైంది. ఒక పనికి నాలుగు ప్రాంతాల్లో నాలుగు పేర్లుంటే నాలుగూ నిఘంటువులో పక్కపక్కనే నిలిచాయి. ఒకటి అసలు, మిగతావి వికారాలు అనే లెక్క లేదు.

1960ల్లోనే పలాస దగ్గరి బొడ్డపాడు నుంచి ఈ మాట పాటగా లేచింది. సుబ్బారావు పాణిగ్రాహి ఆ ఊళ్ళో పూజారి. ఇంటిపేరు ఒడియాది, గొంతు తెలుగుది. జానపద కళ అయిన జముకుల కథను ఆయన ఊరివాళ్ళ యాసలో కట్టి రైతు కూలీల పోరాటానికి ఇచ్చారు. 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో ఆయన ప్రాణం పోయింది. ఆ పాట మాత్రం జిల్లా దాటింది. శ్రీకాకుళం పల్లెల బుగతలనూ (భూస్వాములనూ) కూలీలనూ కథల్లో నిలిపిన కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళం పట్నంలో కథానిలయం తెరిచారు. సినిమాలో మాత్రం ఈ యాస చాలాకాలం పనివాళ్ళ పాత్రలకూ హాస్యానికీ పరిమితమైంది. 2020 మార్చిలో వచ్చిన "పలాస 1978"లో కథానాయకుడి కోపం, దుఃఖం కూడా ఈ మాటలోనే పలికాయి.

మాట వినకపోతే నష్టం నవ్వుతో ఆగదు. సోంపేట దగ్గర బీల ఉంది. ఏడాదిలో చాలాకాలం నీరు నిలిచే పల్లపు నేల అది. దాని నీటితో చుట్టూ పొలాలు పండుతాయి, చేపలు దొరుకుతాయి, పశువులు మేస్తాయి. సంతబొమ్మాళి వైపు కాకరాపల్లి దగ్గర అలాంటి నేలను తంపర అంటారు. థర్మల్ విద్యుత్ కేంద్రాల కోసం ఈ నేలలను కోరినప్పుడు కాగితాలు వాటిని పనికిరాని భూమిగా చూపాయి. బీల అన్న మాటలో చెరువు, చేను, చేపల రేవు, మేతబీడు అన్నీ కలిసే ఉన్నాయని ఊరివాళ్ళు ఎంత చెప్పినా అధికారుల తలకెక్కలేదు. ఊరివాళ్ళు పోరాటానికి దిగాక 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. అప్పటికి గానీ బీల, తంపర అనే మాటలు రాష్ట్రమంతటి పత్రికా పాఠకులకు పరిచయం కాలేదు. వాటిని పరిచయం చేసినది నిఘంటువు కాదు, శవాలు.

ఈ తీరం మాట ఒకచోట నిలిచి ఉండేదీ కాదు. ఒకప్పుడు పడవెక్కి రంగూన్ వెళ్ళిన కుటుంబాలున్నాయి, రైలు పనికి ఖరగ్‌పూర్ చేరినవారున్నారు. జిల్లా మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ రేవులో పడవల మీద పనికి వెళ్తారు. అక్కడ పడవకు పెద్దను తండేల్ అంటారు. ఆ మాటను వెంటతెచ్చి ఇంట్లో వాడుకున్నారు. 2018 నవంబరులో పాకిస్తాన్ అదుపులో పడి 2020 జనవరిలో విడుదలైన ఉత్తరాంధ్ర జాలర్ల కథ 2025లో అదే పేరుతో సినిమాగా వచ్చాక తండేల్ తెలుగువారందరికీ తెలిసిన మాటయింది.

ఇప్పుడు ఆ రాకపోకలన్నీ ఫోనులో నడుస్తున్నాయి. టైపు చేసేటప్పుడు "వెళ్ళాలి" అని బడిలో నేర్చిన తెలుగు రాసే మనిషే, గొంతు రికార్డు చేసి పంపేటప్పుడు "ఎల్లాల బావు" అంటాడు. ఆ గొంతు విన్న నల్గొండ స్నేహితుడు రెండోసారి వింటాడు. అప్పటికీ అందకపోతే "అంటే ఏంది?" అని అడుగుతాడు. గిడుగు తన ఇంట్లో కూర్చోబెట్టుకున్న సవరను అడిగిన ప్రశ్న కూడా అదే. మార్చి దాటి తోటల్లో కొత్త పిక్క రాలే వేళకు కాశీబుగ్గ నుంచి ధరల సందేశాలు మళ్ళీ బయల్దేరుతాయి. ఎక్కడో ఒకరు పిక్క అంటే ఏమిటని అడుగుతారు. ఒక రైతు గుప్పెడు పిక్కలు అరచేతిలో పోసి ఫొటో తీసి పంపుతాడు.