తీగలో నడచునది ధ్వనియా, వార్తయా?

సికింద్రాబాదులోని మా యింట నొకరాత్రి, మరునాడు విదేశమునకు పయనమగు మా యక్కగారు విద్యుత్ పియానోపై మంగళహారతి వాయించిరి. దానిని కంప్యూటరున ముద్రించితిమి. ఆమె వెడలిన పిదప వినబోగా, తెరపై స్వరముల గుర్తులు కదలినవే గాని చెవికి నాదము సోకలేదు. కారణము తెలియుటకు కొంత చరిత్ర కావలెను.

రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలో హెరాల్డ్ రోడ్స్ గాయపడిన సైనికులకై విమానపు గొట్టములతో చిన్న పియానో కల్పించెను. తరువాత నాతడు నిర్మించిన విద్యుత్ పియానోలో సుత్తి ఉక్కుపుల్లను తాకును. చెంతనున్న అయస్కాంతపు తీగచుట్ట ఆ కంపనమును విద్యుత్తుగా మార్చును. ఆ తీగలో నడచునది ధ్వనియే.

1983లో డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషి ప్రభృతుల కృషిచే 'మిడి' పద్ధతి వెలసెను. ఇందు ధ్వని నడువదు. ఏ మెట్టు, ఎంత బలముగా, ఎంతసేపు నొక్కబడెనో తెలుపు వార్త నడచును. జాబులో స్వరములు వ్రాసి పంపినట్లే. పాడువాడు లేనిచో పాట లేదు.

మా లోపమిదియే. సాఫ్టువేరులో ఆ వార్తకు వాద్యము నేర్పరుపలేదు. ఏర్పరుపగానే హారతి మొదటినుండి మ్రోగినది.

మేము వాయింపబూనినపుడు మరియొక చిక్కు: మెట్టు నొక్కిన కొంతసేపటికి నాదము. కంప్యూటరు ధ్వనిని దోసిళ్లకొలది అందించును. సెకనుకు 44,100 మచ్చులైనచో, 1,024 మచ్చుల దోసిలికి 23 మిల్లీసెకనులు, 128కి మూడు పట్టును. దోసిలి తగ్గించితిమి, మరీ తగ్గించిన చిటపటలు పుట్టును.

ధ్వనినే ముద్రింపబూని తీగ తప్పుగా తగిలించియుండినచో, మాకు నిశ్శబ్దమే మిగిలెడిది. వార్త నిలిచినందుననే అక్కగారి హస్తము దక్కినది.