ఎండాకాలంలో మొదలయ్యే క్రిస్మస్

శ్రీకాకుళం తీరాన పలాస-కాశీబుగ్గ పక్క ఊళ్లలో డిసెంబరు కేకు పని మార్చిలోనే మొదలవుతుంది. దాన్ని క్రిస్మస్ పని అని మాత్రం ఎవరూ అనరు. అక్కడి ఉద్దానం తోటల్లో జీడిపిక్కలు రాలే రోజులవి. పిక్కల్ని ఏరి, పండు నుంచి మెలిపెట్టి విడదీసి, ఎండలో వేసి, అమ్మకానికి పోగా మిగిలినవి చిన్న సంచిలో మూతి కట్టి అటకెక్కిస్తారు. పిక్క బాగా ఎండి, తడి తగలకుండా ఉంటే మళ్లీ కాపు వచ్చేదాకా నిలుస్తుంది. ఒలిచిన పప్పుకు ఆ ఓపిక లేదు. గాలి తగిలితే మెత్తబడుతుంది, తర్వాత కనరు వాసన కొడుతుంది. అందుకే కొట్టకుండా దాస్తారు. "ఓలమ్మా, ఎండలు ముదరనే లేదు, అప్పుడే పండగేటే?" అని పక్కింటావిడ ఆటపట్టించినా, ఆవిడ అటక మీదా అలాంటి సంచి ఒకటి ఉంటుంది. ఆమెది సంక్రాంతి సంచి, అంతే.

ఇంత ముందుచూపుకు పొదుపు ఒక్కటే కారణం కాదు. ఈ తీరానికి అక్టోబరు, నవంబరు అంటే తుపాను నెలలు. పండగకు నెల ముందు సరుకులు కొందామని కూర్చుంటే, ఆ నెల చేతిలో ఉంటుందో ఉండదో తెలీదు. ఎండల్లో చేతికొచ్చిన చింతపండు, బెల్లం, పిక్కలు గాలివానకు ముందే కుండల్లోకి, డబ్బాల్లోకి చేరాలి.

క్రిస్మస్‌కు ఎండాకాలంలోనే సిద్ధపడినవాళ్లు సముద్రానికి అవతల కూడా ఉన్నారు. కెనడా తూర్పు తీరంలోని నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్‌ల బాప్టిస్టులు 1873లో సయాం దేశానికి బయల్దేరి, అక్కడ పని కుదరక 1875లో తెలుగు నేలకు మళ్లారు. భీమునిపట్నం, శ్రీకాకుళం, బొబ్బిలి ముందు, పర్లాకిమిడి, టెక్కలి, సోంపేట తర్వాత వాళ్ల కేంద్రాలయ్యాయి. ఇక్కడ పెద్ద మిషన్ బంగళాలు చూసి డబ్బున్న సంఘం అనుకుంటాం కానీ, అక్కడ కానుకలు వేసినవాళ్లలో ఎక్కువమంది చేపలు పట్టేవాళ్లు, చిన్న రైతులు. హన్నా మరియా నారిస్ అనే యువతి 1870లో నోవా స్కోషియాలోని కాన్సోలో మొదలుపెట్టిన మహిళా సహాయ సంఘాలు చిల్లర పోగేసి మిషనుకు పంపేవి. ఆవిడ తర్వాత శ్రీకాకుళంలోనే కొంతకాలం పనిచేసి బర్మా వెళ్లి, అక్కడి తెలుగు, తమిళ కూలీల మధ్య గడిపింది.

ఆ కాలంలో దూరదేశాల మిషను బడులకు పెట్టెలు పంపడం అటువంటి మహిళా సంఘాలకు బాగా అలవాటైన పని. పాత గుడ్డలతో కుట్టిన బొమ్మలు, సూది-దారం సంచులు, అప్పటికే ఒకరి ఇంటికి వచ్చి పనైపోయిన పండగ కార్డులు అందులో ఉండేవి. రాసిన వైపు కత్తిరించేస్తే బొమ్మ మిగులుతుంది, బడి పిల్లలకు బహుమతి అవుతుంది. ఓడ మీద వచ్చే పెట్టె డిసెంబరుకు ఇక్కడ తెరవాలంటే అక్కడ ఎండాకాలంలోనే మూత వెయ్యాలి. మొదటి క్రిస్మస్ కార్డు 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అచ్చు వేయించాడు. కొనేవాళ్లకు అది కొత్త మోజు. వాడిన కార్డును మళ్లీ వాడుకోవడం పేదవాళ్లు దానికి చేసిన మెరుగు.

ఇందులో నవ్వొచ్చే సంగతి ఒకటుంది. ఈ బాప్టిస్టుల్లో చాలామంది పూర్వీకులు న్యూ ఇంగ్లండ్ నుంచి వలస వచ్చినవాళ్లు. ఆ న్యూ ఇంగ్లండ్‌లోని మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1681 వరకు క్రిస్మస్ చేసుకుంటే అయిదు షిల్లింగుల జరిమానా. బైబిల్లో తేదీ లేని పండగ మనకెందుకన్నది ప్యూరిటన్ల వాదన. అలాంటి వంశాల వాళ్లు వచ్చిన చోట, పండగంటే చుట్టాలు, పిండివంటలు, కొత్తబట్టలు అని అనాదిగా తెలిసిన జనం క్రిస్మస్‌ను తమ పద్ధతిలో పెద్దది చేసుకున్నారు. ఎవరు ఎవరికి పండగ నేర్పారో ఇక్కడ తేల్చడం కష్టం.

పండగలో పైసా ఖర్చులేని భాగం పాట. దానికి ఈ ప్రాంతం కెనడా కోసం ఎదురు చూడలేదు. పురుషోత్తమ చౌదరి (1803-1890) పర్లాకిమిడి సంస్థానంలో పుట్టిన బ్రాహ్మణుడు. కెనడావాళ్లు ఓడ దిగడానికి నలభై ఏళ్ల ముందే క్రైస్తవుడై, రాగ తాళాలు కట్టిన కీర్తనలు రాశాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో నేటికీ పాట నెత్తిన రాగం, తాళం అచ్చవుతాయి. కవర్లు ఊడిన పుస్తకానికి అట్ట వేసి అత్త కోడలికి ఇస్తుంది. డోలక్, కంజిర, ఒక హార్మోనియం ఉంటే డిసెంబరు రాత్రుళ్లు ఇంటింటికీ తిరిగే బృందం సిద్ధం.

గుమ్మం ముందు వేలాడే నక్షత్రం సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. బజారులో ప్లాస్టిక్ నక్షత్రాలు వచ్చాక పిల్లలు ఈ పని మర్చిపోతున్నారు, నాకు అది నష్టంగానే కనిపిస్తుంది. వెదురును సన్నటి బద్దలుగా చీల్చి, పదీ ఒకే పొడవుండేలా కోస్తారు. అయిదు బద్దలు అడ్డదిడ్డంగా పేర్చి కొసలు దారంతో కడితే ఒక నక్షత్రం. అలాంటివి రెండు చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, అయిదు కొసలనూ జతగా బిగిస్తారు. అప్పటికి అది పలకలా బల్లపరుపుగా ఉంటుంది. అసలు పనితనం ఇక్కడుంది. లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే అయిదు చోట్ల జానెడు లోపు పుల్లలు నిలువుగా దూరిస్తే నడుము ఉబ్బి నక్షత్రానికి పొట్ట వస్తుంది. ఒక పుల్ల పొట్టిదైతే మొత్తం ఒక వైపుకు మెలితిరుగుతుంది. పైన గాలిపటాల కాగితం, మైదా జిగురు. ఎలుకలూ పురుగులూ కొరక్కుండా జిగురులో చిటికెడు మైలుతుత్తం వేస్తారు. అది విషం కాబట్టి ఆ గిన్నె పిల్లలకు అందనివ్వరు. పండగ అయ్యాక కాగితం చింపేసి అస్థిపంజరాన్ని అటక మీద పెడితే వచ్చే ఏడు ఖర్చు కాగితానిదే.

కాగితపు నక్షత్రం బడిలోనే పుట్టింది. జర్మనీలో మొరేవియన్ క్రైస్తవుల నీస్కీ బడిలో 1830ల్లో పిల్లలకు క్షేత్రగణితం నేర్పడానికి చేయించినదే తర్వాత ఇళ్లకెక్కి, దేశాలు దాటింది. మన పిల్లలకు ఆ లెక్క వెదురు బద్ద నేర్పింది.

కతోలిక ఇళ్లలో యేసు పుట్టిన పశువుల పాక నమూనా కడతారు. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో సెయింట్ ఫ్రాన్సిస్ పెట్టిన పాకకు గడ్డి ఎక్కడ దొరికిందో గానీ, టెక్కలి చుట్టుపక్కల డిసెంబరులో కోత కోసిన పొలాల నిండా వరిగడ్డే. అడిగితే మోపు ఊరికే ఇస్తారు.

ఇక కేకు. మన దేశంలో తొలి క్రిస్మస్ కేకు 1883లో తలశ్శేరిలో మాంబళ్లి బాపు అనే బేకరీ యజమాని చేశాడని చెబుతారు. మర్డాక్ బ్రౌన్ అనే దొర నమూనా చూపించి ఫ్రెంచి బ్రాందీ వెయ్యమంటే, బాపు జీడిమామిడి పండు, అరటిపండుతో కాచిన ఊరి సారా వేశాడట. ఆ పండే ఉద్దానంలో టన్నులకొద్దీ చెట్ల కింద కుళ్లిపోతుంది. ఇక్కడ విలువంతా పిక్కదే. పిక్క కొట్టడం ఇంట్లో చేసినా ఆషామాషీ కాదు. పెంకులో నూనె చర్మాన్ని కాల్చేస్తుంది, చేతికి బూడిదో నూనో రాసుకుని కూర్చోవాలి. పలాస ఫ్యాక్టరీల్లో ఈ పని ఆడవాళ్లదే. ఉడికించడం, కత్తికి కొట్టడం, బోర్మా అనే వేడిపెట్టెలో ఆరబెట్టడం, పొట్టు తీయడం, గ్రేడు చేయడం. ఎనభై కిలోల బస్తా పిక్కలకు పప్పు ఇరవై కిలోల అటూ ఇటూ. గుండుకు ఒక ధర, బద్దకు తక్కువ, ముక్కకు ఇంకా తక్కువ. రుచిలో మూడూ ఒకటే. కాబట్టి ఇంటి కేకులో పడేది ముక్కే. ప్రెషర్ కుక్కర్‌లో ఇసుక పోసి, గ్యాస్కెట్టు, విజిలు తీసేసి, సన్నసెగ మీద ముప్పావు గంట పైన ఉంచితే అదే ఓవెను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి చెట్లు వరసలకు వరసలు పడిపోయాయి, జీడితోటలు వేళ్లతో లేచాయి, చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. క్రిస్మస్‌కు మిగిలింది రెండున్నర నెలలు. కొబ్బరి మళ్లీ నాటితే కాపుకు అయిదారేళ్లు. చెట్టు మీద ఉన్నది పోయింది. అటక మీద, కుండలో, చీటీలో ఉన్నదాంట్లో తడవనిది మాత్రమే చేతికందింది.

చీటీ ఈ పొదుపుకు మరో కాలు. నెలనెలా కొంత కట్టి, పండగ ముందు నూనె డబ్బా, బెల్లం, పప్పు, బట్టల డబ్బు అందుకోవడం డ్వాక్రా సంఘాలకు ముందు నుంచే ఉంది. తెలుగు క్రైస్తవ ఇళ్లలో దానికి తోడు పిడికెడు బియ్యం. ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, నిండాక గుడికి ఇవ్వడం. మిజోరంలో 1910లో మొదలైన ఇదే పద్ధతి మీద అక్కడి సంఘం చాలా ఖర్చులు వెళ్లదీస్తోంది. సోంపేట ఆరోగ్యవరం కంటి ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ బెన్ గలిసన్ పిలుపుతో 1963లో కెనడాలోని కాల్గరీ వ్యాపారులు మొదలుపెట్టిన ఆపరేషన్ ఐసైట్ కూడా, ఒక రకంగా, దూరాన ఉన్న వాళ్ల పిడికెళ్లే.

డిసెంబరు మూడో వారానికి కొత్త ధాన్యం ఇళ్లకు చేరుతుంది. బియ్యం నానబోసి, తడి పిండి పట్టించి, బెల్లం పాకంలో కలిపి అరిసెలు వండుతారు. ఇరవై రోజుల్లో సంక్రాంతి కాబట్టి క్రిస్మస్‌కు కొన్న చీర, చొక్కా ఆ పండగకూ కొత్తవే. క్రైస్తవుల ఇంటి నుంచి అరిసెలు, కేకు ముక్కలు పెట్టిన పళ్లెం పక్కింటికి వెళ్తుంది. పళ్లెం ఖాళీగా తిప్పి పంపకూడదు కనుక అది అక్కడే ఆగి, సంక్రాంతి నాడు పోకుండలతోనో గారెలతోనో తిరిగొస్తుంది. తెచ్చిన పిల్ల చేతిలో ఏదో ఒకటి పెట్టక తప్పదు. ఈ బాకీ ఎన్నేళ్లయినా ఎవరికీ తీరదు.