గనుల పటము – గుర్తుల చరిత్ర



పొలిమేరరాయి కదలినచో ఊళ్ల నడుమ తగవు పుట్టునని మీకు తెలియును. పటముపై గుర్తు కదలినచో ఏమగునో, మన గోదావరిలోయ బొగ్గుగనుల చరిత్రనుబట్టి నేడు విన్నవించెదను.

1871లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టరు విలియం కింగు ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. ప్రాణహిత, గోదావరి లోయలను గూర్చి ఆయన రచించిన గ్రంథము 1881లో వెలువడెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వుహక్కులు పొందెను. 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీసు కంపెనీ దాని ఆస్తులను స్వీకరించెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట రామగుండము చెంత గోదావరిఖని వెలసెను.

భూమిపై గుట్టయు చెట్టును కంటికి కనబడును. త్రవ్వి విడిచిన సొరంగము కనబడదు. దానికి పటమే కన్ను. 1975 డిసెంబరు 27న నాటి బీహారులోని చాస్‌నాలా గనిలోనికి పాతపనుల నీరు విరుచుకుపడి 375 మంది మరణించిరి. 2003 జూన్ 16న గోదావరిఖనిలోనే ఒక గనిలోనికి నీరు చొచ్చి 17 మంది అసువులు బాసిరి. నీరు నిలిచిన పాతపనులకు 60 మీటర్ల లోపల అనుమతి లేనిదే త్రవ్వరాదని 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు విధించినవి. ఆ పాతపని ఎచట నున్నదో పటము సరిగా చెప్పనిచో ఆ 60 మీటర్లను ఎచటనుండి కొలువవలెను?

నేడు పటము కాగితము విడిచి ఇంటర్నెట్టునకు ఎక్కినది. 2004లో ఆరంభమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటమును, 2011లో వెలువడిన లీఫ్‌లెట్ అను ఉపకరణమును గైకొని, మీ మనుమలే ఊరి పటముపై తమకు నచ్చిన గుర్తులను నిలుపవచ్చును. బావికొక బొమ్మ, మూసిన గనికొక బొమ్మ. స్థలముయొక్క అక్షాంశ రేఖాంశములను, బొమ్మ కొలతలను, బొమ్మలోని ఏ చుక్క స్థలముపై నిలువవలెనో దానిని తెలుపవలెను.

ఈ కడపటిదానిని మరచుట సులభము. 32 చుక్కల వెడల్పు, 48 చుక్కల ఎత్తు గల గుర్తునకు క్రింది మొన నిలువవలసిన చోటు 16, 48. కొలతలు మాత్రమే చెప్పి ఊరకున్నచో బొమ్మ నడిమి చుక్క స్థలముపై నిలిచి, మొన 24 చుక్కల దిగువను చూపును. బాగుగా దగ్గరనుండి చూచునపుడు ఇది సుమారు 14 మీటర్లే. కాని పటమును దూరము చేసినను బొమ్మ చిన్నదికాదు. కావున మెట్టు మెట్టునకు తప్పు ఇమ్మడించి, ఎనిమిది మెట్లకు మూడున్నర కిలోమీటర్లగును. గోదావరి ఉత్తరపు ఒడ్డున ఉంచిన గుర్తు దక్షిణపు ఒడ్డును చూపవచ్చును!

ఇట్టి పటము గని సర్వేయరు పటమునకు బదులు కానేరదు. అయినను పూడిన బావులు, పాతగోతులు ఎచట నుండెనో ఎరిగినవారు మీరే. పిల్లలను వెంటబెట్టుకొని పోయి ఆ చోటులను చూపుడు; వారు గుర్తు పెట్టిన పిదప పటమును దగ్గర చేయించి, దూరము చేయించి, మొన కదలకున్నదా యని మీ కన్నులతో చూచుకొనుడు.