అడుగక వచ్చు మార్పులు

ఉస్మాన్‌గంజ్ పేరు తెలంగాణపు పెద్దలకు క్రొత్త కాదు. హైదరాబాదులో నాంపల్లికిని మొజంజాహి మార్కెట్టునకును చేరువనున్న ఈ టోకు బజారు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పేరిట వెలసినది. పల్లెటూరి కిరాణా వర్తకుడు సరకునకై ఇచటికి వచ్చుట తరతరముల వాడుక. ఒకప్పుడు ఆతని సంచిలో ఎఱ్ఱగుడ్డ అట్ట వేసిన లెక్కల పుస్తకముండెడిది. నేడు ఆ లెక్కయు, రొక్కమును, ఉత్తరములును, మనుమల ఛాయాచిత్రములును ఒక్క స్మార్ట్‌ఫోనులో ఇమిడినవి. ఆ ఫోను రాత్రి ఒక రూపమున నిద్రించి తెల్లవారునప్పటికి వేరొక రూపమున లేచుచున్నది. గుర్తులు చోటు మారును. అక్షరముల తీరు మారును. నిన్న డబ్బు పంపుటకు నొక్కిన బొత్తము నేడు కానరాదు. యజమాని ఎవ్వరిని పిలువలేదు, ఎవ్వరును ఇంటికి రాలేదు. ఈ మార్పునకే అప్‌డేట్ అని పేరు. దీని చరిత్రయే ఈనాటి ప్రసంగవిషయము.

వాడుకలోని వస్తువును పైవారు మార్చుట ఈ బజారునకు అపూర్వము కాదు. నిజాము రాజ్యమున హాలీ సిక్కా చెల్లుచుండగా, బ్రిటిషు ఇండియా రూపాయిని మనవారు కల్దారు అనెడివారు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానము. 1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరినది. 1950లో భారత రూపాయి ఇచట ప్రవేశించినది. అయినను హాలీ నాణెము ఆనాడే చెల్లని కాసు కాలేదు. ఆ ఏడుకు ఆరు లెక్కతోనే రెండును ప్రక్కప్రక్కన నడచినవి. హాలీ పూర్తిగా రద్దగుట 1959లో. అనగా నోటి లెక్క మార్చుకొనుటకు ప్రజలకు తొమ్మిది సంవత్సరముల గడువు దొరకినది.

ఆ తొమ్మిదేండ్లలోనే మరి రెండు మార్పులు వచ్చి పడినవి. 1957 ఏప్రిల్ 1వ తేదీన రూపాయికి పదునాఱు అణాలు పోయి నూఱు నయాపైసలు వచ్చినవి. అణాకు ఆఱుంబాతిక నయాపైసలు! ఆ పాతిక పైస ఎవరి వాటాకు పోవలెనని అంగళ్ల ముందు తగవులు పడుట సహజమే. అయినను పావలా ఇరువదియైదుగను, అర్ధరూపాయి ఏబదిగను చక్కగా కుదురుటచే పెద్దబేరములు నిలిచిపోలేదు. తరువాత తూనికలు. సేరనగా సుమారు 933 గ్రాములు, మణుగనగా 37 కిలోలకు పైచిల్లర. 1956లో శాసనము పుట్టినది. 1958 అక్టోబరు నుండి దశాంశ తూనికలు ఒక్కొక్క ప్రాంతమున అమలునకు వచ్చినవి. 1962 నాటికి దేశమంతట అవియే విధియైనవి. నూనె కొలిచిన చేతికి ఈ మార్పు ఇష్టమని చెప్పజాలము. కాని మార్పు వచ్చుచున్నదని ముందుగా తెలిసెను. పాతదియు క్రొత్తదియు కొంతకాలము కలిసి నడచెను. ఈ రెండు మర్యాదలను జ్ఞాపకముంచుకొని ఫోనుల కథ వినవలయును.

యంత్రమును అమ్మిన పిదప కూడ దానిలోపలి ఆజ్ఞల కూర్పును, అనగా సాఫ్ట్‌వేరును, చేసినవాడు దూరమునుండి మార్చగల్గుట గత పాతికేండ్ల సంగతి. మైక్రోసాఫ్టు కంపెనీ 2000 సంవత్సరపు విండోసు కూర్పులో కంప్యూటరు తనంత తానే మార్పులను తెచ్చుకొను ఏర్పాటు చేసినది. ఆపిల్ వారి ఐఫోనును 2011 వరకు తీగతో కంప్యూటరునకు తగిలించినగాని మార్చుటకు వీలులేకుండెను. ఆ యేట వచ్చిన ఐదవ కూర్పుతో మార్పు గాలిలోనే వచ్చుట ఆరంభమైనది. 2013లో చిన్న పనిముట్లు, అనగా యాప్‌లు, తమంత తామే మారసాగినవి. 2018లో ఫోను మూలపు కూర్పునకు సైతము ఆ సదుపాయము కలిగినది. ఆండ్రాయిడు ఫోనులలో యాప్‌లకు ఈ వాడుక 2010 నుండియే కలదు. తీగ ఉన్నన్నాళ్లు యజమాని చేతి పని కొంత మిగిలియుండెను. తీగ పోవుటతో ఆతని అనుమతి కూడ మెల్లమెల్లగా జారిపోయినది.

దీనివలని తంటాలు అనేకములు. 2017 ఆరంభమున వచ్చిన యొక మార్పు పాత ఐఫోనుల వేగమును తగ్గించినది. ముదిరిన బ్యాటరీ గల ఫోను హఠాత్తుగా ఆరిపోకుండుటకే అట్లు చేసితిమని ఆపిల్ వారు ఆ సంవత్సరము డిసెంబరులో ఒప్పుకొనిరి. కారణము సబబుగానే యుండవచ్చును. కాని ఆ మాట ముందే చెప్పినచో యజమాని బ్యాటరీ మార్చుకొని ఊరకుండెడివాడు. చెప్పకపోవుటచే ఎందఱో ఫోనే మార్చుకొనిరి. 2018 అక్టోబరులో ఇటలీ దేశపు అధికారులు ఇట్టి మార్పుల విషయమున ఆపిల్‌నకు కోటి యూరోలు, సామ్‌సంగునకు ఏబది లక్షల యూరోలు జరిమానా వేసిరి.

మన దేశపు ముచ్చట వేఱు. 2018 ఆగస్టులో లక్షల కొలది జనులు తమ ఫోనులలోని పేర్ల పట్టికలో తాము వ్రాసికొనని ఆధార్ సంస్థ సంఖ్య యొకటి కూర్చుండియుండుట చూచి బెదరిరి. 2014లో భారతదేశపు ఫోనులకై సిద్ధపఱచిన కూర్పులో పొరబాటున ఆ సంఖ్యను చేర్చితిమని గూగుల్ వారు చెప్పిరి. నష్టమేమియు లేదు, నిజమే. కాని మన పెట్టెలో మనము పెట్టని చీటీ కానవచ్చినచో ఏ గృహస్థుడైనను తాళమువంక ఒకమారు చూడక మానడు.

అట్లని తలుపు బిగించి కూర్చుండుటయు క్షేమము కాదు. 2017 మే 12వ తేదీన వన్నాక్రై యను దుష్టకార్యక్రమము లోకమెల్ల ప్రాకి కంప్యూటర్లలోని కాగితములకు తాళము వేసి సొమ్మడిగినది. ఆంధ్రప్రదేశ్‌లో పలు జిల్లాల పోలీసు కంప్యూటర్లు దాని వాత బడినవి. అది దూరిన కంతను పూడ్చు మార్పును మైక్రోసాఫ్టు వారు రెండునెలల ముందే, మార్చి 14వ తేదీన, పంపియుండిరి. దానిని తీసికొనని యంత్రములే చిక్కినవి.

ఇందుకు సరిగా ఎదురుకథ శంషాబాదులో నడచినది. 2024 జులై 19వ తేదీ ఉదయము మన గడియారమున 9 గంటల 39 నిమిషములకు క్రౌడ్‌స్ట్రైక్ అను కావలి కంపెనీ పంపిన తప్పు మార్పు, ఎవ్వరి అనుమతియు లేకయే, ప్రపంచమున సుమారు 85 లక్షల కంప్యూటర్లను పడవైచినది. 78 నిమిషములలో దానిని వెనుకకు తీసికొనిరి. కాని అప్పటికే పడిన యంత్రములలో పెక్కింటిని మనుష్యులు ఒక్కొక్కదానికడ కూర్చుండి లేపవలసివచ్చెను. ఆనాడు హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు టిక్కెట్టు చీటీలు కలముతో వ్రాసి యిచ్చిరి. మార్పును కాదన్నవారు ఒకనాడు చెడిరి, అవుననుటకైన అవకాశము లేనివారు మరియొకనాడు చెడిరి.

కావున మార్పులలో రెండు జాతులను వేఱుపఱచి చూడవలెనని నా యభిప్రాయము. దొంగలు దూరు కంతలను పూడ్చునది యొకటి. రక్షణకు సంబంధించినదని దాని వివరములోనే వ్రాసియుందురు. డబ్బు చెల్లింపులు జరుగు ఫోనున దానిని ఆలస్యము చేయరాదు. రూపమును, సొగసును మార్చునది రెండవది. దానిని నాలుగు వారములు ఆపి, ముందు తీసికొన్నవారి అనుభవము విని, పిదప తీసికొన్నను మునిగిపోవునది లేదు. చిక్కేమనగా కంపెనీలు తఱచు ఈ రెంటిని ఒకే మూటగా కట్టి పంపుదురు. బియ్యముతో మట్టిగడ్డలు తూచినట్లే ఇదియును.

ఆపుటకు కీలకములు లేకపోలేదు. ఐఫోనున సెట్టింగులలో జనరల్ అను భాగమున, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అను చోట స్వయముగా మారుటను ఆపు మీట కలదు. ఆండ్రాయిడున యాప్‌ల మార్పును ప్లే స్టోరు సెట్టింగులలో నిలుపవచ్చును. ఒక్క యాప్‌నకు మాత్రమే నిలుపుటకును వీలు కలదు. మూలపు కూర్పునకు సంబంధించిన మీట పెక్కు ఫోనులలో, బిల్డ్ నంబరు అను పంక్తిని ఏడుమార్లు తాకినగాని తెఱచుకొనని అరలో దాచియుంచిరి. యజమానికి చెందిన తాళపుచెవిని అటుకమీద దాచుట యేల?

మార్పు జరిగిన పిదప వెనుకకు మరలుట మాత్రము దుర్ఘటము. ఉస్మాన్‌గంజ్ నుండి అబిడ్సు చేరి, జగదీష్ మార్కెట్టులోని ఫోనుల అంగళ్లలో ఎంత నేర్పరి నడిగినను, ఆపిల్ వారు పాతకూర్పులకు ముద్ర వేయుట కొలదిదినములలోనే మానుదురు గనుక ఐఫోనున అది సాగదు. 2017 నాటి ఎనిమిదవ కూర్పు మొదలు ఆండ్రాయిడు సైతము పాతదానిని అడ్డగించు ఏర్పాటును చేర్చుకొన్నది. వీలైన ఫోనులలోనైనను లోపలి సమస్తమును తుడిచివేయవలసి వచ్చును. కనుక చిత్రములకును లెక్కలకును వేఱొకచోట నకలు ముందుగానే ఉండవలయును.

ఐరోపా సమాఖ్య 2019లో చేసి 2022 జనవరి 1 నుండి అమలుజరపిన శాసనము ప్రకారము, కొనుగోలుదారునకు చెప్పుకోదగిన చెఱుపు కలిగించు మార్పు వచ్చినచో ముందుగా తెలుపవలెను. ఆతడు 30 దినములలో ఒప్పందమును రద్దుచేసికొనవచ్చును. నయాపైసల నాటి మర్యాదయే శాసనరూపము తాల్చినదనవచ్చును. మన దేశమున 2025 జనవరిలో, పదునెనిమిదవ కూర్పు చేరిన పిదప ఐఫోనులు సరిగా పనిచేయుటలేదన్న ఫిర్యాదులపై కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆపిల్‌నకు నోటీసు పంపినది. ఇట్టి ఫిర్యాదు చేయదలచినవారికి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రము 1915 అను సంఖ్యపై కలదు.