చెట్టెక్కే వేటగాడి తాడు

అమెరికాలో విల్లుతో జింకల్ని వేటాడేవాళ్లు చెట్టుకు బిగించిన చిన్న మంచె మీద గంటల తరబడి కదలకుండా కూర్చుంటారు. 1970లలో పడిపోకుండా నడుముకు ఓ తాడో, బెల్టో కట్టుకునేవారు. ఏమీ కట్టుకోనివారూ ఉండేవారు.

ఆ బెల్టే ప్రాణం మీదికి తెచ్చేది. కాలు జారితే బరువంతా నడుము మీద పడేది, బెల్టు పక్కటెముకల మీదికి ఎగబాకి ఊపిరాడనిచ్చేది కాదు. కాపాడుతుందని నమ్మిందే ఊపిరి బిగించడం కన్నా ఘోరం ఏముంటుంది! తర్వాత భుజాలు, ఛాతీ, తొడలు చుట్టుకునే హార్నెస్ వచ్చింది. అందులోనూ అలాగే వేలాడితే కాళ్లలో రక్తం నిలిచిపోతుంది కాబట్టి, పాదం ఆనించి నిలబడేందుకు ఓ పట్టీ తోడైంది.

మరి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు? ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో పరిచయం చేసిన ముడి ఇక్కడ అక్కరకొచ్చింది. చెట్టు పొడవునా కట్టిన తాడు మీద అది చేత్తో తోస్తే జరుగుతుంది, బరువు పడితే బిగుసుకుంటుంది. వేటగాడు నేల మీదే దానికి హార్నెస్ తగిలించి, మళ్లీ నేలకు దిగాకే విప్పాలి.