టిప్పరు బరువు ఎవరి ఖాతాలో?

పుప్పాలగూడలో రోడ్డు మీద గుంత కనబడగానే మనం అనేవి రెండే మాటలు: కాంట్రాక్టరు తినేశాడు, లేదా వానలు ఎక్కువయ్యాయి. రెండూ కొంత నిజమే. మూడోది బరువు. దాని లెక్క 1958-60లోనే తేలింది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒట్టావా దగ్గర ప్రత్యేకంగా రోడ్లేసి, సైనికులతో రెండేళ్ళు లారీలు తిప్పించారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకి దెబ్బ సుమారు పదహారు రెట్లని తేల్చారు. అంటే నాలుగో ఘాతం.

కారు ఇరుసు మీద అర టన్ను, లారీ ఇరుసు మీద పది టన్నులు అనుకోండి. ఇరవైకి నాలుగో ఘాతం 1,60,000! పొద్దున్నే ట్రాఫిక్ జామ్ చేసేది మనమే, కాదనను. రోడ్డు విరగ్గొట్టేది మాత్రం మనం కాదు.

2008లో గచ్చిబౌలి-శంషాబాద్ ఔటర్ తెరిచేనాటికి పుప్పాలగూడ ఇంకా పంచాయతీయే. తర్వాత టవర్లొచ్చాయి. బండ పేల్చిన రాయి బయటికి, రెడీమిక్స్ లోపలికి. 2018లో ఊరు మణికొండ మున్సిపాలిటీలోకి వెళ్ళింది. అదే ఏడాది కేంద్రం లారీల వెనక ఇరుసు పరిమితిని 10.2 నుంచి 11.5 టన్నులకి పెంచింది. చూడ్డానికి 13 శాతమే, నాలుగో ఘాతంలో 60 శాతం పైన.

ఈ తగువు పాతదే. ఇంగ్లండులో ఆవిరి ఇంజన్లు పల్లె రోడ్లని నలిపేస్తుంటే, 1878లో చట్టం చేశారు: మామూలుకి మించిన బరువులు తిప్పి రోడ్డు పాడుచేసినవాడి దగ్గరే ఆ అదనపు ఖర్చు వసూలు చేయొచ్చని. 1980 నాటి వాళ్ళ హైవేల చట్టంలో కూడా అది ఉంది. మన దగ్గర 1927లో వేసిన జయకర్ కమిటీ పెట్రోలు మీద పన్నేసి రోడ్లకి వాడమంది, 1929లో రోడ్డు నిధి వచ్చింది. ఆలోచన మంచిదే. కానీ టిప్పరు కారుకంటే పదింతలు తాగుతుందేమో, లక్షింతలు తాగదు కదా :-)

ఇక బిల్డరు కట్టే డెవలప్‌మెంట్ ఛార్జీలు చదరపు మీటర్ల లెక్క. రోడ్డు విరిగేది టన్నుల్లో. ఆ టన్నులు కట్టడం మొదలవకముందే తెలుస్తాయి. అరెకరం, అంటే సుమారు 2,000 చదరపు మీటర్లు, పది మీటర్ల లోతు సెల్లారు తవ్వితే 20,000 ఘనపు మీటర్లు. అంతా గ్రానైటే అయితే దాదాపు 52,000 టన్నులు. ఇరవై టన్నుల టిప్పరుకి 2,600 ట్రిప్పులు, ఒక్క పునాదికి. పర్మిషన్ కాగితంలో ఈ అంకెకీ ఒక గడి పెట్టి, దాన్నిబట్టి రోడ్డు డిపాజిట్ తీసుకోడానికి ఎక్సెల్ షీటు చాలు.