అన్నా సారా కుగ్లర్

అన్నా సారా కుగ్లర్ (1856 ఏప్రిల్ 19 – 1930 జూలై 26) గుంటూరులో స్త్రీల వైద్యానికి, బాలికల విద్యకు కృషి చేసిన అమెరికన్ వైద్యురాలు, లూథరన్ మిషనరీ. గుంటూరులోని కుగ్లర్ ఆసుపత్రి ఈమె స్థాపించినదే. వైద్యురాలిగా సేవ చేయగోరి వచ్చిన ఈమెకు మొదట అప్పగించిన పని స్త్రీల, బాలికల చదువు. ఆనాటి ఆడపిల్ల జీవితంలో చదువు, శరీర ఆరోగ్యం విడదీయరానివని ఈమె జీవితచరిత్ర తెలియజేస్తుంది.

బాల్యము, విద్య

కుగ్లర్ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఆర్డ్‌మోర్‌లో జన్మించింది. ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాల నుండి 1879లో పట్టభద్రురాలైంది. 1850లో స్థాపితమైన ఈ కళాశాల స్త్రీలకు వైద్యవిద్య నేర్పిన తొలి సంస్థలలో ఒకటి. భారతీయ మహిళ ఆనందీబాయి జోషి 1886లో వైద్య పట్టా పొందినది కూడా ఇక్కడే. చదువు ముగిసిన తరువాత కుగ్లర్ నారిస్‌టౌన్‌లోని మానసిక వైద్యశాలలో పనిచేసింది.

గుంటూరు రాక

గుంటూరులో అమెరికన్ లూథరన్ మిషన్ 1842లో ఫాదర్ హేయర్ రాకతో ప్రారంభమైంది. కుగ్లర్ 1883లో ఇక్కడకు చేరింది. వైద్య మిషనరీని నియమించడానికి మిషన్ పెద్దలు అప్పటికి సిద్ధంగా లేకపోవడంతో, ఈమెను జెనానా పనికి, అనగా ఇల్లు దాటి రాని స్త్రీలకు వారి ఇండ్లవద్దనే చదువు చెప్పే పనికి నియమించారు. బాలికా పాఠశాలల పర్యవేక్షణ కూడా ఈమె విధులలో చేరింది. అయినప్పటికీ తనతో తెచ్చుకున్న మందులతోనే వైద్యం ప్రారంభించి, మొదటి సంవత్సరంలో 185 మందికి వారి ఇండ్లలోను, 276 మందికి తాను నివసించే జెనానా గృహంలోను చికిత్స చేసింది. 1885లో మిషన్ ఈమెను వైద్య మిషనరీగా గుర్తించింది.

రజస్వల ఆచారాలు – బాలికల చదువు

అప్పటి గుంటూరు ప్రాంతంలో, ముఖ్యంగా ఉన్నత కులాలలో, ఆడపిల్లకు రజస్వల కాకముందే వివాహం చేయడం ఆచారం. పిల్ల పెద్దమనిషి కావడంతో చదువు సాగే అవకాశం దాదాపు లేకుండా పోయేది. సమర్త వేడుక ముగియగానే కాపురానికి పంపేవారు. ప్రతి నెలా 'బయట చేరిన' మూడు రోజులూ ఇంటిలోని వారు కూడా తాకకుండా విడిగా ఉండవలసి వచ్చేది. బడి మానిన బాలికకు చదువు అందాలంటే ఉపాధ్యాయినియే ఇంటికి రావలసి ఉండేది. జెనానా బోధనకు గల ముఖ్య కారణాలలో ఇది ఒకటి.

వైద్యం విషయంలోనూ ఇదే అడ్డంకి ఉండేది. ఋతు సంబంధమైన బాధలు, ప్రసవ కష్టాలు పరపురుషునితో చెప్పుకొనేవి కావు. పురుష వైద్యుడు అందుబాటులో ఉన్నప్పటికీ స్త్రీకి వైద్యం అందనట్లే అయ్యేది. అందువలన చదువు చెప్పడానికి గడప దాటి లోనికి వెళ్ళగలిగిన స్త్రీయే వైద్యం కూడా చేయగలిగింది. మిషన్ పనిలో మత ప్రచారం కూడా ఒక భాగం కావడంతో కొందరు ఈ సేవలను అనుమానంతో చూశారు. కులాచారం, అంటు భయం వలన పరాయి చేతి మందు తీసుకోవడానికి వెనుకాడినవారూ ఉన్నారు.

1891లో వచ్చిన సమ్మతి వయసు చట్టం బాలికల విషయంలో ఆ వయసును 10 నుండి 12 సంవత్సరాలకు పెంచింది. బాలికల కనీస వివాహ వయస్సును 14 సంవత్సరాలుగా నిర్ణయించిన శారదా చట్టం (1929) అమలులోకి వచ్చినది 1930 ఏప్రిల్‌లో, అనగా కుగ్లర్ మరణానికి కొద్ది నెలల ముందు మాత్రమే.

ఆసుపత్రి స్థాపన

1889లో స్వదేశానికి వెళ్ళిన కుగ్లర్ 1891లో తిరిగివచ్చింది. 1893లో ఔషధశాల, 1898లో స్త్రీల, పిల్లల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. నర్సు కాథరిన్ ఫాస్ ఈమెకు సహకరించింది. ఆసుపత్రికి వచ్చే రోగుల బంధువుల కొరకు ఏలూరు జమీందారు రాజా భుజంగరావు సత్రం కట్టించాడు. ఈమె తరువాత వచ్చిన వైద్యురాలు మేరీ బేర్ చీరాలలో స్త్రీల ఆసుపత్రిని నెలకొల్పింది.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలు, సూర్యలంక తీరం, గుంటూరు పట్టణం కూడా ఆనాడు కృష్ణా జిల్లాలోనివే. 1859లో రద్దయిన గుంటూరు జిల్లా 1904లో మరల ఏర్పడింది. బాపట్ల, రేపల్లె, చీరాల, సూర్యలంకలు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరాయి.

గౌరవాలు, మరణం

బ్రిటిష్ ప్రభుత్వం ఈమెకు 1905లో కైజర్-ఇ-హింద్ పతకాన్ని ఇచ్చి, 1917లో మరొకసారి గౌరవించింది. ఆసుపత్రి చరిత్రను వివరిస్తూ ఈమె రచించిన ఆంగ్ల గ్రంథం 1928లో వెలువడింది. 1930 జూలై 26న గుంటూరులోనే మరణించింది.

తరువాతి పరిణామాలు

బాలికల విద్యకు స్థానికులు కూడా పాటుపడ్డారు. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికా పాఠశాలను ప్రారంభించాడు. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో గుంటూరులో శారదా నికేతనాన్ని స్థాపించారు.

'ఋతు ఆరోగ్యం' అన్న మాట కుగ్లర్ కాలంలో వాడుకలో లేదు. జర్మనీకి చెందిన వాష్ యునైటెడ్ సంస్థ చొరవతో 2014 నుండి ఏటా మే 28న ఋతు పరిశుభ్రత దినోత్సవం జరుగుతున్నది. ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 2021 అక్టోబరు 5న 'స్వేచ్ఛ' పథకాన్ని ప్రారంభించింది. ప్రభుత్వ విద్యాసంస్థలలో 7 నుండి 12వ తరగతి వరకు చదివే బాలికలకు నెలకు 10 చొప్పున శానిటరీ న్యాప్‌కిన్లను ఉచితంగా ఇవ్వడం ఈ పథకం ఉద్దేశం. నెలసరి కారణంగా బాలిక బడి మానకూడదన్నది దీని లక్ష్యం. కుగ్లర్ కాలంలో ఉపాధ్యాయిని బాలిక ఇంటికి వెళ్ళి చేసిన పనిని, ఈ పథకం బాలిక బడిలో ఉండగానే చేయబూనింది.

ఇవి కూడా చూడండి

గుంటూరు
బాపట్ల జిల్లా
శారదా నికేతనం
ఉన్నవ లక్ష్మీబాయమ్మ
ఆనందీబాయి జోషి